పొడుగక్క పనికోటు

నగలు చూసి కుళ్ళుకునేవాళ్ళని చూశాం, పిల్లల మార్కులు చూసి కుళ్ళుకునేవాళ్ళనీ చూశాం. తోడికోడలి ఎముకలు చూసి కుళ్ళుకున్న మనిషిని మాత్రం మీరు చూసి ఉండరు. పొడుగక్క అదే పని చేసింది. నగైతే అరువడిగి ఒకరోజు పెట్టుకోవచ్చు. ఎముకల్ని అరువెలా అడుగుతాం? అందుకే ఆవిడ మంటకి మందు లేకుండా పోయింది.

ఆ ఇద్దరిదీ ఒకటే కొట్టు, ఒకటే ఇల్లు. ముందుగదిలో కుట్టుపని, వెనక రెండు గదుల్లో కాపురం. అన్నని ఒకరూ తమ్ముణ్ణి ఒకరూ చేసుకుని ఆ ఇంటికొచ్చారు. అన్నదమ్ములిద్దరూ ముందూ వెనకా పోయారు, తోడికోడళ్ళిద్దరూ మిగిలారు. బడిపిల్లల యూనిఫారాలు, నర్సుల కోట్లు, హోటల్ పనివాళ్ళ చొక్కాలు, ఇవీ వాళ్ళకొచ్చే పనులు. పెద్దావిడ కోస్తుంది, చిన్నావిడ కుడుతుంది. పెద్దావిడ గుమ్మం దాటాలంటే తల వంచాల్సినంత ఎత్తు మనిషి కాబట్టి వీధి వీధంతా పొడుగక్క అంటుంది. చిన్నావిడ బుల్లి. ఎందుకో చెప్పక్కర్లేదు.

ఈ పంపకం అత్తగారిది. కోతబల్ల చాలా వెడల్పు. గుడ్డ జరక్కుండా అవతలి అంచుదాకా కత్తెర నడపాలంటే చెయ్యి అందాలి, నడుం వంగాలి. "పెద్దది పొడుగు. కత్తెర దానిది. చిన్నది మిషను మీద కూచుంటుంది" అని అత్తగారు తేల్చేసింది. కుట్టేవాళ్ళు ఎంతమందైనా దొరుకుతారు, కోసేవాళ్ళే దొరకరు. కోత తప్పితే గుడ్డ పోతుంది, కుట్టు తప్పితే విప్పుకోవచ్చు. అందుచేత కొట్టుకి యజమాని ఎవరో ఎవరూ అడగలేదు. కొత్తలో ఒకసారి బుల్లి ఆశకొద్దీ, "ఒక్క చొక్కా నేను కోస్తానక్కా" అంది. "బల్లెక్కి కోస్తావా ఏం?" అంది పొడుగక్క. కొట్లో ఉన్న వాళ్ళందరూ పగలబడి నవ్వారు, బుల్లి కూడా నవ్వింది. ఆ తర్వాత ఎప్పుడూ అడగలేదు. అడగనివాళ్ళ మనసులో ఏముంటుందో పొడుగక్కకి బాగా తెలుసు. అందుకే ఏనాడూ కత్తెరని బల్లమీద ఒంటరిగా వదల్లేదు. భోజనానికి వెళ్ళినా పనికోటు జేబులో పెట్టుకునే వెళ్ళేది.

నర్సుల కోట్లు ఇవ్వడానికి వెళ్ళినప్పుడు ఆస్పత్రి డాక్టరమ్మ ఇద్దరినీ పట్టుకుని ఎముకల స్కాన్ చేయించింది. అరవై దాటిన ఆడవాళ్ళు తప్పకుండా చేయించుకోవాలంది. రిపోర్టు చూసి, "ఇద్దరి ఎముకలూ గుల్లబారుతున్నాయి. చిన్నావిడవి కొంత నయం, మీవే బాగా పల్చబడ్డాయి" అని పొడుగక్క వైపు తిరిగింది.

పొడుగక్క మొహం మాడిపోయింది. జబ్బొచ్చినందుకు కాదు. పుట్టి బుద్ధెరిగాక బుల్లి తనకంటే నయం అని ఒక మనిషి నోటంట వినడం అదే మొదలు.

"ఈ మధ్య ఎత్తేమైనా తగ్గారామ్మా?" అని అడిగింది డాక్టరమ్మ. "వెన్నుపూసలు కుంగితే మనిషి పొట్టవుతారు. ఒక్కోసారి నొప్పి కూడా తెలీదు."

పొడుగక్క లేచి నిలబడింది. "ఈ పనికోటు చూడండి. పదేళ్ళ కిందటిది. నేనే కోశాను. అంచు మోకాలికి బెత్తెడు కింద ఉండాలని కోశాను. ఇవాళ ఎక్కడుంది? అక్కడే ఉంది. మనిషి తగ్గితే కోటు జారదూ?"

డాక్టరమ్మకి ఆ లెక్క బాగానే కనిపించింది. పాత ఎత్తు ఎక్కడా రాసి లేదు, ఉన్న సాక్ష్యం ఆ కోటొక్కటే. బుల్లి మాత్రం నేలచూపులు చూస్తూ కూర్చుంది. నా ఎత్తు మాటొస్తే దీనికి ఇప్పటికీ గిట్టదు అనుకుంది పొడుగక్క.

ఇద్దరికీ ఒకటే మాత్ర రాసింది డాక్టరమ్మ. వారానికొక్కటి. పొద్దున్నే పరగడుపున గ్లాసెడు మంచినీళ్ళతో మింగాలి. మింగాక అరగంట దాకా ఏమీ తినకూడదు, తాగకూడదు, పడుకోకూడదు, వంగకూడదు. నిటారుగా కూచోవాలి, లేదా నిలబడాలి. మాత్ర గొంతు దిగి పొట్టలోకి పోవాలి కానీ వెనక్కి రాకూడదు. వస్తే ఆహారం దిగే గొట్టం ఒరుసుకుపోతుంది.

సోమవారం పొద్దున్న ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి మాత్రలు మింగారు. బుల్లి వెళ్ళి మిషను ముందు కూచుంది. మిషను ముందు వంగి కూచుంటే కుట్టు వంకర పోతుందని ఎప్పుడూ నిటారుగానే కూచుంటుంది. పొడుగక్క కుర్చీ వేసుకుని గోడకి ఆనుకుంది. పట్టుమని పది నిమిషాలైనా కాలేదు, హోటల్ మేనేజరు హడావిడిగా వచ్చి మధ్యాహ్నానికల్లా రెండు చొక్కాలు కావాలన్నాడు.

"గుడ్డ పరిచి ఉంచనా అక్కా?" అంటూ బుల్లి లేచింది.

పరవడం అంటే పరవడమే. కానీ పొడుగక్క కళ్ళకి బుల్లి చెయ్యి కత్తెర మీదికి పోతున్నట్టే కనబడింది. ఒక్క ఉదుటున కుర్చీలోంచి లేచి బల్ల మీదికి వంగింది. అవతలి అంచుదాకా చెయ్యి చాచి కోసింది. లేచేసరికి రొమ్ము మధ్య నిప్పుకణిక పెట్టినట్టయింది.

తర్వాతి సోమవారమూ అంతే, ఆ తర్వాతదీ అంతే. ఎవరో ఒకరు రావడం, బుల్లి ఏదో ఒకటి సర్దడానికి లేవడం, ఈవిడ అరగంట నిండకుండానే బల్లమీద వాలడం. వంగకూడదని తెలియక కాదు. వంగితే గొంతు మండుతుంది, వంగకపోతే ఒళ్ళే మండుతుంది. ఈ రెండో మంట ఆవిడకి పాత చుట్టం, కాబట్టి మొదటిదాన్నే తిట్టుకుంది.

"నీకేం మండటం లేదూ?" అని అడిగింది బుల్లిని.

"లేదక్కా. హాయిగానే ఉంది."

ఆ హాయి అన్న మాట రోజంతా పొడుగక్క చెవిలో జోరీగలా తిరిగింది. ఒకే డబ్బా, ఒకే మాత్ర, ఒకే నీళ్ళు. దానికి హాయి, నాకు మంట. ఎముకల్లో అది నయం, మందు పడటంలోనూ అదే నయం. నెల తర్వాత డాక్టరమ్మ బుల్లి భుజం తట్టి "మీరు చక్కగా వేసుకుంటున్నారు" అన్నప్పుడు పొడుగక్క కళ్ళల్లో ఎవరో కారం కొట్టినట్టయింది. తన గొంతు మంట గురించి అప్పుడు చెప్పాల్సింది. చెప్తే బుల్లి ముందు ఓడిపోయినట్టవుతుందని నోరు మెదపలేదు.

పైగా బడిపిల్లల యూనిఫారాల కోసం వచ్చిన టీచరమ్మ ఒక కబురు మోసుకొచ్చింది. "ఆ మందులతో జాగ్రత్త సుమండీ. మా పక్కింటావిడకి తెలిసినావిడకి దవడ ఎముక కుళ్ళిపోయిందట. ఇంకొకావిడకి నడుస్తుండగానే తొడ ఎముక పుటుక్కుమందట."

పొడుగక్కకి ఏనుగెక్కినంత సంబరం. మాత్ర మానడానికి ఇంతకంటే మంచి కారణం ఎక్కడ దొరుకుతుంది? అయినా బుల్లి ముందు మానితే చులకన. అందుకని ప్రతి సోమవారం నీళ్ళు మాత్రం గటగటా తాగి, మాత్రని పనికోటు లోపలి జేబులో వేసుకోవడం మొదలుపెట్టింది. గొంతు చల్లబడింది. కోటు అంచు మోకాలికి బెత్తెడు కిందే ఉంది. ఇంకేం కావాలి?

అలా ఆరు నెలలు పోయాయి. ఒక పొద్దున్న కింది అరలోంచి గుడ్డ తాను ఎత్తబోయింది. అదేం పెద్ద బరువు కాదు, రోజూ ఎత్తేదే. వీపులో ఏదో కలుక్కుమంది. కేక పెట్టి అక్కడే బల్ల పట్టుకుని ఉండిపోయింది. బుల్లి ఆటో పిలిచి, సగం మోస్తూ సగం ఏడుస్తూ ఆస్పత్రికి తీసుకెళ్ళింది.

డాక్టరమ్మ ఎక్స్‌రే లైటు ముందు పెట్టి చాలాసేపు చూసింది. బుల్లిని బయట కూచోమంది.

"రెండు పూసలు కుంగాయమ్మా. ఒకటి ఇప్పుడు. ఇంకోటి ఎప్పుడో పాతది, మెల్లమెల్లగా కుంగుతూనే వచ్చింది. ఇంత కుంగితే ఎత్తు తగ్గకుండా ఉండదు. తగ్గలేదని కోటు చూపించారే?"

"కోటు అబద్ధం చెప్పదండీ" అంది పొడుగక్క, పళ్ళ బిగువున నొప్పి ఓర్చుకుంటూ.

"ఎక్స్‌రే కూడా చెప్పదు. మాత్రలు వేసుకుంటున్నారా?"

పొడుగక్క నీళ్ళు నమిలింది. ఆఖరికి మంట సంగతి, టీచరమ్మ కబురు, జేబు సంగతి మెల్లిగా బయటపెట్టింది. కత్తెర సంగతి మాత్రం చెప్పలేదు. "పనిలో వంగాల్సొచ్చింది" అని ఊరుకుంది.

డాక్టరమ్మ కోప్పడలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుంది. "టీచరమ్మ చెప్పినవి అబద్ధాలు కావు. కానీ ఎంతమందిలో ఒకరికో ఆవిడ చెప్పలేదు. ఈ మోతాదులో దవడ జబ్బు రావడం పదివేలమందిలో ఒకరికి, అంతకంటే తక్కువే. అదీ ఎక్కువగా పళ్ళు పీకించుకున్నప్పుడు. ముందే పళ్ళ డాక్టరుకి చూపించుకుంటే ఆ భయం ఇంకా తగ్గుతుంది. తొడ ఎముక విరగడం ఏళ్ళ తరబడి ఆపకుండా వాడినవాళ్ళలో, అదీ బహు అరుదు. అందుకే ఐదేళ్ళకోసారి ఆగి చూసుకుంటాం, తొడలోనో గజ్జల్లోనో నొప్పొస్తే వెంటనే చెప్పమంటాం. ఇది ఒక పక్క. ఇంక రెండో పక్క వినండి. పూస కుంగినవాళ్ళు ఐదుగురిలో ఒకరికి ఏడాది తిరక్కుండానే ఇంకోటి కుంగుతుంది. మందు వాడితే ఆ గండం దాదాపు సగానికి తగ్గుతుంది. నిన్నటిదాకా మీరు తూకం వేసుకున్నారంటే ఒక అర్థముంది. ఇవాళ ముల్లు ఎటు మొగ్గిందో మీకే కనిపిస్తోంది."

"ఆ మంట?"

"వంగకుండా వేసుకుని చూడండి. అప్పుడూ మండితే మానేద్దాం. ఏడాదికోసారి సెలైన్‌లో ఎక్కించే మందుంది. ఒకటి రెండు రోజులు జ్వరం, ఒళ్ళునొప్పులు రావచ్చు. దానికి ముందు కిడ్నీలు చూడాలి. ఆరు నెలలకోసారి ఇచ్చే ఇంజెక్షనూ ఉంది. అది మొదలుపెడితే తేదీ తప్పకూడదు. తప్పితే పూసలు మళ్ళీ కుంగే ప్రమాదం. దేని తిప్పలు దానికున్నాయమ్మా. ఏ తిప్పా లేనిది ఒకటే ఉంది, ఏ మందూ వాడకపోవడం. అది చేసి చూశారుగా."

"మూడో పూస కూడా కుంగితే?" అని అడిగింది పొడుగక్క.

"అలా వంగి, చెయ్యి చాచి కొయ్యడం ఇంక కుదరకపోవచ్చు."

ఆలోచించి చెప్తానంది పొడుగక్క.

వెనకగదిలో మంచం మీద ఆవిడకి రెండు వారాలు గడిచాయి. పడుకున్న మనిషికి చెవులే కళ్ళు. మిషను చప్పుడు మొదట్లో వినిపించింది, కోసి పెట్టినవన్నీ కుట్టడం అయిపోయాక ఆగిపోయింది. వచ్చినవాళ్ళతో బుల్లి, "అక్క లేచాకే కోత" అనడం వినిపించింది. అది నా చెవిన పడాలనే అంటోంది అనుకుంది పొడుగక్క. కత్తెర ముందుగదిలోనే, మేకుకి వేలాడే కోటు జేబులోనే ఉండిపోయింది. తలుచుకుంటే కొరివి పెట్టినట్టుంది. మెత్తటి గుడ్డమీద మెల్లగా నడిపితే కత్తెర చప్పుడు కాదు. ఆ సంగతి తనకి తెలుసు, దానికి మాత్రం తెలీదా?

మూడోవారం ఒక మధ్యాహ్నం కొట్టు తలుపులు దగ్గరగా వేసిన చప్పుడైంది. మిషను చప్పుడు లేదు, మాట లేదు. పొడుగక్క గోడ పట్టుకుని లేచింది. ఇవాళ దాన్ని కత్తెరతో సహా పట్టుకోవాలి. అడుగులో అడుగేస్తూ ముందుగదిలోకి వచ్చింది.

కత్తెర బల్లమీద పడుంది. బుల్లి దాని దరిదాపుల్లో లేదు. కిటికీ పక్కన ముక్కాలిపీట మీద కూచుని ఉంది. ఒళ్ళో పొడుగక్క నీలం పనికోటు, లోపలి వైపు పైకి తిప్పి ఉంది. చేతిలో సూది. కోటు అంచు మడిచి కుడుతోంది.

"ఏం చేస్తున్నావే?"

బుల్లి అదిరిపడింది. సూది వేలికి గుచ్చుకుంది. పొడుగక్క కోటు లాక్కుని కిటికీ వెలుతురులో పెట్టి చూసింది. పదేళ్ళుగా తొడుక్కుంటున్న కోటు అంచుని లోపలివైపు చూడటం అదే మొదటిసారి. కోసేవాళ్ళు ఎప్పుడూ గుడ్డని పైనుంచే చూస్తారు, తిరగేసి చూడటం కుట్టేవాళ్ళ పని. అంచులో మడత మీద మడత ఉంది. ఒక్కో మడత వేలెడు. అన్నిటికంటే లోపలి కుట్టు దారం వెలిసిపోయింది, దానిమీది కుట్టు కొంచెం కొత్తది, దానిమీద ఇప్పుడు సూది వేలాడుతున్న కుట్టు. మిషను కుట్టు ఒక్కటీ లేదు, అన్నీ చేతికుట్లే. బుల్లి చేతికుట్టు ఆవిడకి చీకట్లో తడిమినా తెలుస్తుంది.

పొడుగక్క గుమ్మం దగ్గరికి నడిచింది. తలుపు తీసి గడప మీద నిలబడింది. పెళ్ళయిన దగ్గర్నుంచి ఆ గుమ్మం కింద తల వంచి నడిచిన మనిషి, ఈసారి వంచలేదు. ఎంత సాగగలదో అంత నిటారుగా నిలబడింది. తల పైకమ్మీకి తగల్లేదు. చెయ్యి పెట్టి చూసింది. మధ్యలో చెయ్యి పట్టింది.

వెనక్కి తిరిగేసరికి కళ్ళు నిప్పులు కక్కుతున్నాయి. "ఎప్పట్నించి? ఎన్నేళ్ళనించి నన్ను ఇలా వెర్రిదాన్ని చేస్తున్నావే? ఆ కోటు చూపించి డాక్టరమ్మతో పందెం వేశానే! పక్కనే కూచుని నోట్లో బెల్లం పెట్టుకున్నావే!"

"తిట్టక్కా. పడతాను."

"తిట్టడానికి కాదు అడుగుతున్నది. ఎందుకు చేశావో చెప్పు."

బుల్లి వేలిమీది రక్తం చీరకి తుడుచుకుంది. తలెత్తలేదు. "ఒకరోజు నువ్వు గుడ్డ పరుస్తుంటే నీ కోటంచు కిందికి జారినట్టు కనబడింది. కోటు పెరగదుగా, నువ్వే తగ్గావని తెలిసిపోయింది. నిజం చెప్తున్నా, అప్పుడు నాకు సంతోషం వేసింది. నీ ఎత్తు చూసి కుళ్ళి చచ్చినదాన్ని నేను. ఆ ఎత్తుంది కాబట్టేగా కత్తెర నీకిచ్చారు. అది పోతోందని తెలిసేసరికి లోపల గంతులేశాను. తర్వాత నా మీద నాకే అసహ్యమేసింది. ఆ మొహం పెట్టుకుని నీకెలా చెప్పను? నువ్వు అద్దంలో చూసుకునేలోగా కోటు మడిచి కుట్టేశాను. నీకు తెలియకపోతే జరగనట్టే అనుకున్నాను."

"నాకు తెలిసుంటే డాక్టరమ్మ అప్పుడే పట్టుకునేది."

"అవును" అంది బుల్లి. "రెండోసారి మడిచినప్పుడు నీ లోపలి జేబులో మాత్రలు కూడా చూశాను. మాత్ర ఎందుకు మానావని అడగాలని ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో. అడిగితే, నా కోటుతో నీకేం పని అంటావు. నా దొంగతనం దాచుకోడానికి నీ దొంగతనం చూసీ ఊరుకున్నాను. ఆ పూస కుంగింది నీ వల్ల కాదక్కా, నా వల్లే."

పొడుగక్క కుర్చీలో కూలబడింది. ఇన్నేళ్ళూ తనొక్కతే కాలిపోతున్నాననుకుంది. అటుపక్కా అదే మంట. పైగా ఆ మంట పెట్టుకుని కూడా కత్తెర ముట్టుకోలేదు. రెండు వారాలు చేతికందే దూరంలో మేకుకి వేలాడుతున్నా ముట్టుకోలేదు. ఇంత ఓర్పు తనకి లేదు. ఇందులోనూ అదే నయం. ఆ తలపు రాగానే మళ్ళీ భగ్గుమంది.

"నీ వల్లే ఏమిటి, నీ మొహం" అంది చివరికి. "వంగొద్దన్న అరగంటలో వంగింది నేను. నువ్వు కత్తెర పట్టుకుంటావేమోనని. ఆ ముక్క డాక్టరమ్మకి కూడా చెప్పలేదు."

బుల్లి అప్పుడు తలెత్తి చూసింది.

పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చారు. డాక్టరమ్మకి ఉన్నదున్నట్టు చెప్పారు. ఆవిడ మాత్రతోనే మళ్ళీ మొదలుపెడదామంది, మండితే సెలైన్ మందుకి మారదామంది. వీపు నొప్పి సర్దుకున్నాక వచ్చిన సోమవారం, పొడుగక్క గ్లాసెడు నీళ్ళతో మాత్ర మింగింది. అలవాటైన గోడపక్క కుర్చీ వైపు వెళ్ళలేదు. తిన్నగా వెళ్ళి మిషను ముందు, బుల్లి ముక్కాలిపీట మీద నిటారుగా కూచుంది. జేబులోంచి కత్తెర తీసింది.

"అరగంట" అంది, బుల్లికి అందిస్తూ. "గడియారం నా ఎదురుగానే ఉంది."

బుల్లి కత్తెర అందుకుంది. చేతులు తుడుచుకుంది. బల్లమీద కొత్త నీలం గుడ్డ పరిచి ఉంది, ఉతికితే కుదించుకుపోకుండా నిన్నే నీళ్ళలో నానబెట్టి ఆరేసిన గుడ్డ. పొడుగక్కకి కొత్త పనికోటు. బుల్లి టేపు పరిచి సుద్ద గీత గీసింది. అవతలి అంచు అందక, బల్ల చుట్టూ తిరిగి అటుపక్కకి వెళ్ళి నిలబడింది. ఇన్నేళ్ళలో ఎవరికీ తట్టలేదు, ఆ బల్లకి అటుపక్క కూడా ఉందని.

పొడుగక్క చూస్తూ కూచుంది. గొంతులో ఏ మంటా లేదు. మిగతా అంతటా ఉంది. లేచి లాక్కోవాలని అరచేతులు దురద పుట్టాయి. పీట అంచులు గట్టిగా పట్టుకుంది.

"పొడవెంత పెట్టావే?"

"నీ కొలతేనక్కా."

"ఏ కొలత? పాతదా, ఇప్పటిదా?"

కత్తెర గాల్లో ఆగింది. బుల్లి సుద్ద గీత వైపు చూసింది, తోడికోడలి మొహం వైపు చూసింది. "ఇప్పటిదే" అంది.

"అయితే కొయ్యి" అంది పొడుగక్క.